పదముల నడుమ ఎడము

భారతదేశమున ప్రాచీన లేఖకులు తాళపత్రములపై అక్షరములను సాధారణముగా ఎడము విడువక వ్రాసిరి. పదమెక్కడ ముగిసినదో కంటికి కనబడదు. చదువరి తన భాషాజ్ఞానముచే తెలిసికొనవలసినదే. ఋగ్వేదమునకు శాకల్యుడు కూర్చిన పదపాఠము ఈ పనికి శాస్త్రరూపమిచ్చినది. సంధిచే కలిసిపోయిన పదములను ఆయన విడివిడిగా నిలిపెను. పాణిని తన సూత్రములలో శాకల్యుని పేర్కొనెను గనుక ఈ కృషి పాణినికంటె ప్రాచీనమైనది. మన దేశమున పదవిభాగము వ్రాతకంటె ముందు పఠనములో పుట్టినది.

ఐరోపాలోను లాటిను గ్రంథములు కొన్ని శతాబ్దులపాటు ఎడము లేకయే సాగినవి. 7, 8 శతాబ్దులలో ఐర్లండు సన్యాసులు, లాటిను తమకు పరభాష యగుటచే, పదములను గుర్తించుటకై వాని నడుమ ఖాళీ విడిచిరి. ఆ పద్ధతి క్రమముగా ఖండమంతట వ్యాపించినది. అచ్చుయంత్రముతోబాటు భారతీయ భాషలలోను స్థిరపడినది.

ఆ ఖాళీనే నేటి కంప్యూటరు నమ్ముకొన్నది. 1977లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ అనువారు ‘ఆక్’ అను భాషను నిర్మించిరి. వారి పేర్ల తొలి అక్షరములే దాని పేరు. అది ప్రతి పంక్తిని ఖాళీల వద్ద తనంతట తానే ఖండించును. 1987లో లారీ వాల్ వెలువరించిన ‘పెర్ల్’, 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన ‘పైథాన్’ ఆ సంప్రదాయమునే కొనసాగించినవి. పైథానులో ‘స్ప్లిట్’ అను ఆజ్ఞకు ఏ గుర్తును చెప్పనిచో, వరుసగా పది ఖాళీలున్నను ఒకే ఎడముగా గ్రహించును. ఒక్క ఖాళీయే గుర్తని చెప్పినచో, ఆ పదింటి నడుమ శూన్యపదములు పుట్టును.

ఇంగ్లీషునకు ఈ ఉపాయము చాలవరకు చాలును. తెలుగునకు చాలదు. ‘రాముడు ఇంటికి వచ్చెను’ అన్నచో యంత్రము మూడు పదములను లెక్కించును. ‘రాముడింటికి వచ్చెను’ అన్నచో రెండే. వాక్యార్థము మారలేదు, లెక్క మారినది. ఈ లెక్కపై ఆధారపడిన పదసూచిలో ‘ఇంటికి’ అను మాటను వెదకువానికి రెండవ వాక్యము దొరకదు. సంస్కృతమునకు జెరార్ హ్యూయె వంటి పండితులు సంధివిచ్ఛేదము చేయు సాధనములను నిర్మించుటకు కారణమిదియే.

ఖాళీ భాషలోని సహజాంగము కాదు; చదువరి సౌకర్యమునకై లేఖకుడు చేసిన ఉపకారము. యంత్రము ఆ ఉపకారమును గుర్తించును గాని పదమును గుర్తించదు. భారతీయ వాఙ్మయమును దానికి అప్పగించువారు శాకల్యుని పనిని మొదట పూర్తిచేయవలసియున్నది.