60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్

60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ భారత సైన్యానికి చెందిన వైద్య దళం. 1950 నవంబరు నుంచి 1954 ఆరంభం దాకా కొరియాలో ఐక్యరాజ్యసమితి సేనల తరఫున పనిచేసింది. పేరులో ఆంబులెన్స్ అని ఉన్నా ఇది బండి కాదు. సైనిక పరిభాషలో ఫీల్డ్ ఆంబులెన్స్ అంటే డాక్టర్లు, మత్తు ఇచ్చేవారు, నర్సింగ్ సిపాయిలు, స్ట్రెచర్లు మోసేవారు, ఆపరేషన్ బల్ల, పనిముట్ల పెట్టెలు అన్నీ కలిసి పోరు జరిగే చోటి వెనకే కదిలే ఆసుపత్రి. పారాచూట్ అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోవలసిందే. ఈ దళంలోని వారికి విమానం నుంచి దూకడం వచ్చు.

కొరియా యుద్ధం 1950 జూన్‌లో మొదలైంది. దురాక్రమణను ఖండించిన భద్రతామండలి తీర్మానాన్ని నెహ్రూ ప్రభుత్వం సమర్థించింది కానీ పోరాడే పటాలాన్ని పంపడానికి ఒప్పుకోలేదు. దానికి బదులు ఈ వైద్య దళాన్ని పంపింది. దళాధిపతి లెఫ్టినెంట్ కల్నల్ ఆర్కాట్ రంగరాజ్. 1941లో 152వ భారతీయ పారాచూట్ బెటాలియన్‌కు వైద్యాధికారిగా ఉన్నప్పుడే పారాచూట్‌తో దూకిన తొలి భారతీయ సైనికుడిగా ఆయన పేరు నమోదైంది. ఆ మొదటి దూకుళ్లలో హవల్దార్ మేజర్ మథురా సింగ్ ఆయనకు తోడు.

దళం 1950 నవంబరు 20న పుసాన్ రేవులో దిగి, నెల తిరగకముందే ఉత్తరాన ప్యోంగ్యాంగ్ చేరింది. అప్పటికే చైనా సేనలు యాలూ నది దాటి వచ్చి విరుచుకుపడుతున్నాయి. ఐక్యరాజ్యసమితి సేనలన్నీ ప్యోంగ్యాంగ్ వదిలి దక్షిణానికి మళ్లాయి. భారత దళానికి సొంత వాహనాలు లేవు. సామాను అక్కడే వదిలి మనుషులు మాత్రం బయటపడమని సలహా వచ్చింది. రంగరాజ్ అందుకు ఒప్పుకోలేదు. పనిముట్లు లేని సర్జన్ యుద్ధరంగంలో ఎవరికి పనికొస్తాడు? మందుల పెట్టెలు, ఆపరేషన్ సామగ్రి వదిలేస్తే మరో సెట్టు భారతదేశం నుంచి రావడానికి నెలలు పట్టేది. ఆ నెలల్లో పడే క్షతగాత్రుల గతి ఏమిటి?

వెతకగా ఒక పాత ఆవిరి ఇంజను, కొన్ని రైలు పెట్టెలు దొరికాయి. ఇంజను నడపడం తెలిసినవాళ్లు దళంలోనే ఉన్నారు. మనుషులు వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటూ బాయిలరు నింపారు, కట్టెలు వేసి పొయ్యి రాజేశారు. సామానంతా ఎక్కించి, కూల్చివేతకు సిద్ధం చేసి ఉంచిన వంతెనను అది పేలడానికి కాస్త ముందు దాటేశారు. ఈ దళం గురించి రాసేవారు ఎక్కువగా పారాచూట్ సాహసం దగ్గర ఆగుతారు. నాకు మాత్రం ఈ రైలు ప్రయాణమే వీరి ధైర్యానికి అసలు నమూనాగా కనిపిస్తుంది. తర్వాతి మూడేళ్లలో వీరు ఏ ఆపరేషన్ చేసినా, దానికి పునాది ఆ రోజు వదలకుండా తెచ్చుకున్న పెట్టెలే.

డిసెంబరులో దళం రెండుగా చీలింది. రంగరాజ్ నాయకత్వంలోని ముందు భాగం 27వ కామన్వెల్త్ బ్రిగేడ్‌తో కలిసి పోరు ముఖాన నిలిచింది. మేజర్ ఎన్.బి. బెనర్జీ నడిపిన రెండో భాగం తేగు పట్టణంలో కొరియా సైనిక ఆసుపత్రికి తోడుగా ఉంటూ, కాందిశీకులకూ ఊరి జనానికీ వైద్యం చేసింది.

1951 మార్చి 23, గుడ్ ఫ్రైడే. శత్రు సేనల వెనక్కి పోయి దారి కట్టాలని అమెరికా 187వ వాయువాహిత పటాలం ఇమ్‌జిన్ నది దగ్గర మున్సాన్‌లో దూకింది. ఆ దాడి పేరు ఆపరేషన్ టోమహాక్. మూడు వేలకు పైబడిన ఆ పారాట్రూపర్లలో పన్నెండుమంది భారతీయులు. రంగరాజ్ కూడా వారిలో ఒకరు. అందరూ శస్త్రచికిత్స బృందమే. కాల్పులు సాగుతున్న నేల మీద దిగి, చెల్లాచెదురుగా పడిన సామాను ఏరుకుని, దొరికిన చోటే బల్ల పరచుకున్నారు. పొట్టలోనో రొమ్ములోనో గుండు దిగినవాడు వెనక ఆసుపత్రికి చేరేదాకా బతకడం కష్టం. అందుకే సర్జను క్షతగాత్రుడి దగ్గరికే పోవాలి. ఆ దాడి ముగిసేసరికి వందకు పైగా ఆపరేషన్లు చేశారు.

వైద్య సిబ్బందికి జెనీవా ఒప్పందం రక్షణ ఇస్తుంది. ఆయుధం ఉన్నా తననూ తన రోగులనూ కాపాడుకోవడానికే వాడాలి. కానీ ఫిరంగి గుండుకు ఎర్ర శిలువ కనపడదు. ఏప్రిల్‌లో కాప్యోంగ్ పోరులో, ఆ తర్వాత కామన్వెల్త్ డివిజన్‌తో గడిపిన కాలంలో ఈ దళం గుండ్లు పడే దూరంలోనే పనిచేసింది. మెరూన్ రంగు టోపీల వల్ల వీరిని మెరూన్ దేవదూతలు అనడం వాడుకైంది.

1953 జులై 27న కాల్పుల విరమణ కుదిరింది. యుద్ధఖైదీల అప్పగింత చూసేందుకు జనరల్ థోరట్ ఆధ్వర్యంలో వచ్చిన భారత సంరక్షక దళానికి కూడా ఈ వైద్య దళమే తోడైంది. కొరియాలో ఉన్న కాలమంతటిలో సుమారు రెండు లక్షల మందికి వైద్యం చేసిందని, రెండు వేలకు పైగా శస్త్రచికిత్సలు చేసిందని లెక్క. అంతమందిలో సైనికులతో పాటు పౌరులూ ఉన్నారు.

యుద్ధకాల శౌర్యానికి పరమ వీర చక్ర తర్వాతిది మహా వీర చక్ర. అది రంగరాజ్‌కూ బెనర్జీకీ దక్కింది. మరికొందరికి వీర చక్ర వచ్చింది. 1955లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ దళం మొత్తానికి రాష్ట్రపతి ట్రోఫీ అందజేశారు. ముందు వరసలో దూకినవారికీ, తేగులో కాందిశీకుల పుండ్లు కడిగినవారికీ ఒకే స్థాయి పతకం ఇవ్వడం సరైన నిర్ణయం.

సైన్యం విడిచాక రంగరాజ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్గానిస్తాన్‌లో మశూచి నిర్మూలనకు సలహాదారుగా పనిచేశారు. కొండదారుల్లో ఊరూరా టీకాలు వేయించే పని అది. 2020లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఆయనను కొరియా యుద్ధ వీరుడిగా స్మరించుకుంది.

దళం ఇప్పుడు 60 పారా ఫీల్డ్ హాస్పిటల్‌గా ఆగ్రాలో ఉంది. 2023 ఫిబ్రవరిలో తుర్కియేలో భూకంపం వచ్చినప్పుడు ఆపరేషన్ దోస్త్ కింద 99 మందితో, ఆపరేషన్ థియేటరూ ఎక్స్‌రే యంత్రాలతో సహా ఇస్కెందెరున్ పట్టణానికి తరలి వెళ్లింది.