ఎనిమిది గిన్నీల నల్లులు

శివుడు కొండమీద ఎందుకు పడుకున్నాడు? సూర్యచంద్రులు ఆకాశంలో ఎందుకు తిరుగుతున్నారు? విష్ణుమూర్తి పాముమీద ఎందుకు పవళించాడు? నల్లుల బాధ పడలేక! ఈ చమత్కారం చేసిన చాటుకవి ఎవరో గాని, బహుశా అద్దె ఇంట్లో కాపురం ఉన్నవాడై ఉంటాడని నా అనుమానం. సొంత ఇంట్లో ఉన్నవాడికి ఇంత దూరం ఆలోచన పోదు. దేవుళ్ళకేం లెండి, కొండ ఉంది, పాము ఉంది. నెలకింతని అద్దె కట్టి ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనొక ఊళ్ళో రెండు గదుల పోర్షను తీసుకున్నాను. పగలు చూస్తే ఇల్లు ముత్యంలా ఉంది. కొత్తగా వేసిన వెల్ల, కిటికీలోంచి వేపచెట్టు. రాత్రి దీపం ఆర్పిన అరగంటకి అసలు ఇంటివారెవరో తెలిసింది. గోడ పగుళ్ళలోంచి, తలుపు సందుల్లోంచి వరసగా దిగివచ్చారు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చెబితే ఇంటావిడ బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు.

"ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, మా ఇంట్లో నల్లి అన్నమాట ఎరగం నాయనా. నీ మంచంతో వచ్చుంటాయి."

"మంచం మొన్ననే కొన్నానండీ పిన్నిగారూ!"

"అయితే కొట్లోనే ఎక్కుంటాయి."

దీనికి జవాబేముంది? మంచం ఎండలో వేశాను, కోళ్ళలో కిరసనాయిలు పోశాను, సలసల కాగే నీళ్ళు కుమ్మరించాను. నల్లి చేసిన నేరానికి మంచం శిక్ష అనుభవిస్తుందని సుమతీ శతకకారుడు చెప్పనే చెప్పాడు. కాని నా నల్లులు మంచంలోవి కావు, గోడలోవి. గోడ నాది కాదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అన్న సామెత కూడా సొంత ఇల్లున్నవాళ్ళకే. అద్దెకున్నవాడికి తగలబెట్టుకోవడానికైనా తనదంటూ ఒక ఇల్లుండాలి గదా!

చాలా ఏళ్ళ తరవాత ఒక లాయరు మిత్రుడు నా గోడు విని నవ్వి, "నీ కేసు 1843లోనే తేలిపోయిందయ్యా" అన్నాడు. ఆ కథే ఇది.

ఇంగ్లండులో సముద్రం ఒడ్డున బ్రైటన్ అనే ఊరుంది. మనవాళ్ళు వేసవికి ఊటీ వెళ్ళినట్టు, ఆ రోజుల్లో లండన్ పెద్దమనుషులు గాలి మార్పుకి అక్కడికి వెళ్ళేవారు. 1842 సెప్టెంబరులో సర్ థామస్ మారబుల్ అనే ఆయన అక్కడ బ్రన్స్‌విక్ ప్లేస్‌లో 24వ నంబరు ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇంటాయన పేరు స్మిత్. వారానికి ఎనిమిది గిన్నీలు అద్దె, అయిదు వారాలో ఆరు వారాలో దొరగారి ఇష్టం. గిన్నీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు, పౌను మీద ఒక షిల్లింగు ఎక్కువ. అయిదు వారాలకి 40 గిన్నీలు, అనగా 42 పౌన్లు. బల్లలు, కుర్చీలు, మంచాలు, పరుపులు అన్నీ ఇంటితోపాటే. ఆఖరికి నల్లులు కూడా ఇంటితోపాటే!

దిగీ దిగగానే దొరసానిగారు ఇంటివారికి కబురు చేశారు. నల్లుల్ని వదిలించే ప్రయత్నం జరిగింది, ఫలితం లేకపోయింది. నల్లి మాటకు లొంగే జీవి కాదు. ఏ సందులోనో ముడుచుకుని, తిండి లేకుండా కొన్ని నెలలు బతకగలదు. దొరగారు ఒక వారం అద్దె చెల్లించి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. స్మిత్ ఊరుకోలేదు. అయిదు వారాలకు మాట్లాడుకున్నాం, మిగతా నాలుగు వారాల సొమ్మూ కట్టమని దావా వేశాడు.

స్మిత్ వాదం తేలికైనదేమీ కాదు సుమండీ. ఇంగ్లీషువాళ్ళ పాత న్యాయం ప్రకారం ఇల్లు అద్దెకు తీసుకోవడమంటే కొన్నాళ్ళపాటు ఆ నేల మీద హక్కు కొనుక్కోవడమే. దానిమీద ఉన్న ఇల్లు బాగుందా లేదా అన్నది కొనుక్కునేవాడు ముందే చూసుకోవాలి. చూసుకోకపోతే అది వాడి ఖర్మ, అద్దె మాత్రం కట్టాల్సిందే.

విచారణ జరిపిన లార్డ్ అబింజర్‌కి ఈ ఖర్మ సిద్ధాంతం నచ్చలేదు. అద్దెకిచ్చే ఇల్లు మనిషి ఉండడానికి పనికిరావాలన్న షరతు కాగితం మీద రాసుకోకపోయినా ఉన్నట్టే లెక్క అని ఆయన జూరీకి చెప్పారు. జూరీ దొరగారి పక్షాన తీర్పిచ్చింది. స్మిత్ మళ్ళీ విచారణ కావాలని అడిగితే 1843లో ఎక్స్‌చెకర్ కోర్టు జడ్జీలు కూర్చుని విన్నారు. బేరన్ పార్క్ అనే జడ్జీగారు, ఏ మనిషీ ఉండలేనంత పీడ ఇంట్లో ఉంటే అద్దెదారు ఇల్లు వదిలేసి వెళ్ళిపోవచ్చునన్నారు. లార్డ్ అబింజర్ ఇంకో అడుగు ముందుకు వేసి, దీనికి పాత తీర్పులు వెతకక్కర్లేదు, ఇంగితజ్ఞానం చాలునన్నారు. ఇంట్లో నల్లులకు బదులు ఏ అంటురోగమో వచ్చి వెళ్ళిందనుకోండి, సంగతి తెలిశాక కూడా కొత్తగా దిగినవాడు అక్కడే ఉండి తీరాలా అని ఆయన ప్రశ్న.

ఇక్కడితో కథ కంచికి వెళితే ఎంత బాగుండేది! కాని ఇంగితజ్ఞానానికి ఆయువు తక్కువ.

అదే 1843లో మరో రెండు కేసులు వచ్చాయి. మొదటిది పశువుల కేసు. ఒకాయన పచ్చిక మేపుకోవడానికి పొలం అద్దెకు తీసుకున్నాడు. ఆ నేలమీద ఎరువుతో కలిసి పడి ఉన్న రంగు చెత్త తిని పశువులు చచ్చిపోయాయి. కోర్టు, పొలానికి పాత సూత్రమే వర్తిస్తుంది, అద్దె కట్టమంది. మరి నల్లుల ఇంటి సంగతో అంటే, అది సామాన్లతో ఇచ్చిన ఇల్లు గనక వేరన్నారు. అద్దెకిచ్చిన వస్తువు వాడుకకు పనికిరావాలి గదా, మంచం కూడా వస్తువే గదా అని తర్కం.

రెండోది హార్ట్, విండ్సర్ల మధ్య వచ్చిన కేసు. ఇది మళ్ళీ నల్లుల కేసే. ఇక్కడా అద్దెదారు నల్లుల బాధ పడలేక ఇల్లు వదిలేశాడు. తేడా ఒక్కటే, ఈ ఇల్లు ఖాళీ ఇల్లు. మంచం తనది, గోడ ఇంటివారిది. ఈసారి తీర్పు చెప్పింది ఎవరనుకున్నారు? ఆ బేరన్ పార్క్ గారే! ఖాళీ ఇంటికి అలాంటి షరతేదీ లేదు, అద్దె కట్టాల్సిందేనన్నారు.

చూశారా విచిత్రం! అదే జడ్జీ, అదే జాతి నల్లి. సామాన్లతో ఉన్న ఇంట్లో కుడితే నేరం, ఖాళీ ఇంట్లో కుడితే కాదు. కుట్టేటప్పుడు పరుపు ఎవరిదని నల్లి అడుగుతుందా? పరుపు ఎవరిదో అడిగేది న్యాయశాస్త్రమే. వారానికి ఎనిమిది గిన్నీలు ఇచ్చి సామాన్లతో సహా ఇల్లు తీసుకునేవాళ్ళు ఎవరు? దొరలు. తన మంచమూ కుండా తట్టా బండిమీద వేసుకుని ఖాళీ గదిలో దిగేవాడెవరు? కూలివాడు, గుమాస్తా. చట్టం నోటితో ఆ మాట అనలేదు గాని, ఎవరి ఒంటిమీది దద్దుర్లకు విలువుందో తేల్చేసింది. 1863లో ఒక ప్రధాన న్యాయమూర్తి ఇంకా సూటిగానే అన్నారు. మోసం లేకపోతే చాలు, కూలిపోయే ఇల్లు అద్దెకివ్వకూడదని చట్టమేదీ లేదట!

పేదవాడి గోడు పార్లమెంటుకి చేరడానికి మరి ఇరవై ఏళ్ళ పైన పట్టింది. పనివాళ్ళ ఇళ్ళ స్థితిగతులు చూడమని 1884లో ఒక రాయల్ కమిషన్ వేశారు. అందులో యువరాజుగారు కూడా సభ్యులే. 1885లో చట్టం వచ్చింది. పనివాళ్ళకిచ్చే ఇల్లు అద్దెకిచ్చే నాటికి మనుషులుండడానికి తగినట్టుగా ఉండాలని అందులో రాశారు. తరవాతి చట్టాలు ఆ మాటను నిలుపుకుంటూ వచ్చాయి గాని, అద్దె ఇంతకు మించని ఇళ్ళకే అని హద్దు పెట్టాయి. 1957లో ఆ హద్దు లండన్‌లో ఏడాదికి 80 పౌన్లు, మిగతా చోట్ల 52 పౌన్లు. ఆ తరవాత దాన్ని పెంచడం ఎవరికీ తోచలేదు. అద్దెలు ఆకాశానికి వెళ్ళాయి, హద్దు నేలమీదే ఉండిపోయింది. వారానికి ఒక పౌనుకు దొరికే ఇంటికే రక్షణ, అలాంటి ఇల్లు దేశం మొత్తంమీద దాదాపు లేనట్టే! సర్ థామస్‌గారు 1842లోనే ఆరు వారాలకు 50 పౌన్ల పైచిలుకు ఒప్పుకున్నారన్న సంగతి గుర్తుంచుకోండి.

మధ్యలో ఎలుకలు కూడా కోర్టుకెక్కాయి. 1920 నాటి ఒక కేసులో పాత కాలువ దారిన ఎలుకలు ఇంట్లోకి వస్తున్నాయని అద్దెదారు మొత్తుకుంటే, అవి బయటినుంచి వచ్చిపోయేవి గనక ఇంటి లోపం కిందికి రావన్నారు. అక్కడే కాపురముండి పిల్లల్ని కనే ఎలుకలైతే అది వేరే మాటట. వచ్చిన ఎలుక చుట్టపుచూపుగా వచ్చిందో, కాపురానికి వచ్చిందో కనుక్కునే భారం పాపం అద్దెదారుదే!

ఈలోగా అమెరికాలో ఆలోచన మారింది. 1931లో మిన్నెసోటా రాష్ట్రపు పై కోర్టు ముందుకు ఒక అపార్ట్‌మెంటు నల్లుల కేసు వచ్చింది. అన్ని వాటాలకూ గోడలు ఉమ్మడి. గోడ లోపల ఏముందో అద్దెకున్నవాడు చూడలేడు, చూసినా పగలగొట్టి బాగు చేసుకోలేడు. కనక ఇల్లు నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత దాని మీద అధికారం ఉన్నవాడిదేనని ఆ కోర్టు అంది. 1970లో వాషింగ్టన్ కోర్టు ఇంకా ముందుకు వెళ్ళి, పట్నంలో ఇల్లు తీసుకునేవాడు నేలను కొనుక్కోవడం లేదు, గోడలు, కప్పు, నీళ్ళు, వెలుతురు, పారిశుద్ధ్యం అన్నీ కలిపి తీసుకుంటున్నాడని చెప్పింది. ఇల్లు తీసుకునే ప్రతి గృహిణికీ తెలిసిన ఈ సంగతి కోర్టులకు తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఇంగ్లండు మాత్రం తీరిగ్గానే నడిచింది. కారెన్ బక్ అనే సభ్యురాలు తెచ్చిన బిల్లు 2018లో చట్టమై, 2019 మార్చి 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పాత అద్దె హద్దు ఎగిరిపోయింది. అద్దెకిచ్చేనాడే కాదు, ఉన్నన్నాళ్ళూ ఇల్లు నివాసానికి తగినట్టుండాలి. పరిగణించే ప్రమాదాల్లో పురుగూ పుట్రా కూడా ఉన్నాయి. అబింజర్‌గారి ఇంగితజ్ఞానం సామాన్లున్న ఇంటినుంచి ఖాళీ ఇంటికి పూర్తిగా నడిచి రావడానికి సరిగ్గా 175 ఏళ్ళు పట్టిందన్నమాట. అయితే ఒక మెలిక ఉంది. అద్దెదారు తాను చేసుకున్నదానికి ఇంటివారి పూచీ లేదు. అనగా "నీ మంచంతో వచ్చాయి నాయనా" అన్న మా పిన్నిగారి వాదానికి అక్కడ కూడా చోటుంది!

మరి మన సంగతేమిటని మా లాయరు మిత్రుణ్ణి అడిగాను. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో 1882లో వచ్చిన ఆస్తి బదిలీ చట్టం మనకు ఇప్పటికీ ఉంది. దాని 108వ సెక్షను తీసి చూపించాడు. ఇల్లు నివాసయోగ్యంగా ఉండి తీరాలని ఇంగ్లండు కొత్త చట్టంలా అందులో లేదు. ఇంటివారు చెయ్యవలసిన మరమ్మతు చెప్పినా చెయ్యకపోతే మనమే చేయించుకుని, ఆ ఖర్చు అద్దెలోంచి మినహాయించుకోవచ్చునని ఉంది. అన్నిటికన్నా ముందు మరో మాట ఉంది. ఇంట్లో ఒక ముఖ్యమైన లోపం ఇంటివారికి తెలిసి, దిగేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనపడనిదైతే, ఆ సంగతి ఇంటివారు చెప్పి తీరాలి. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఇవి వర్తిస్తాయి. అంచేత సంతకం పెట్టేముందు కాగితం చదువుకోవాలి. చెప్పవలసింది నోటిమాటగా కాకుండా కాగితం మీద తేదీ వేసి ఇవ్వాలి.

నల్లి ఆ "లోపం" అనే మాట కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు తేల్చుకోనీండి. పగలు కనపడక రాత్రి బయటపడే లోపం నల్లికన్నా ఏముంది చెప్పండి?

ఆ మాట చదివి నేను మాత్రం కాసేపు మాట్లాడలేకపోయాను. ఎంచేతనంటే నా కథ పూర్తిగా చెప్పలేదు మీకు. రెండు నెలలు ఓర్చి నేను ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజున గోడలకు మళ్ళీ కొత్త వెల్ల పడుతోంది. చంటిపిల్లతో ఒక దంపతులు ఇల్లు చూడ్డానికి వచ్చారు. "ఇల్లెలా ఉంటుందండీ మాస్టారూ?" అని ఆయన నన్నే అడిగాడు. పక్కన ఇంటావిడ నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో నాకు తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు ఉంది.

"గాలీ వెలుతురూ బాగుంటాయండీ" అన్నాను.

ఆ చట్టం చెప్పమన్నది ఇంటివారిని. నన్నేమీ అనలేదు. అయినా ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రివేళ ఆ చంటిపిల్ల ఏడుపు వినిపించినట్టయి మెలకువ వస్తుంది. దీపం వేసి చూస్తే పక్కమీద ఏమీ ఉండదు.