పాలమూరు సీమలో విద్యాపరిభాష

పరిభాష యనగా ఒక శాస్త్రమునకుగాని వ్యవహారమునకుగాని చెందినవారు తమలో తాము ఏర్పఱచుకొన్న మాటల కట్టుబాటు. లోపలివారికి అది సౌకర్యము. వెలుపలినుండి వచ్చువానికి అది గడప. వైద్యమునకును న్యాయమునకును పరిభాష గలదని అందరు నెఱుగుదురు. కాని పాఠశాలను, కళాశాలను నడుపు వ్యవహారమునకు సైతము ఒక పరిభాష గలదనియు, నేర్పువారు లేకయే విద్యార్థి దానిని నేర్చుకొనవలసి వచ్చుచున్నదనియు మనము తఱచుగా మఱచుచున్నాము. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములను ఆధారముగా గొని ఈ పరిభాష చరిత్రను స్థూలముగా పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ మూడును పూర్వపు మహబూబునగరు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన మూడును వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. నిజాము కాలమున వీని స్థితి ఒక్కటి కాదు. గద్వాల, వనపర్తులు సంస్థానములు. నాగరుకర్నూలు ప్రభుత్వపు నేరు పాలనలోని తాలూకా. కావున సంస్కృతాంధ్రములను పోషించిన ఆస్థాన సంప్రదాయమును, ఉర్దూలో సాగిన దివాణపు సంప్రదాయమును ఒకే సీమలో ఇరుగుపొరుగున నిలిచినవి. పరిభాష చరిత్రను చూడగోరువారికి ఇంతకంటె అనువైన చోటు అరుదు.

మొదట సంస్థానముల విద్యను చూతము. కృష్ణా తుంగభద్రల నడిమి నడిగడ్డలోని గద్వాలకు పండితలోకమున విద్వద్గద్వాల యని పేరు. దేశము నలుమూలలనుండి పండితులచటికి వచ్చి, సభలలో తమ ప్రజ్ఞను చూపి, సంభావనలును వార్షికములును పొందెడివారు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి మొదలగు సంస్థానములను దర్శించి అవధానములు చేసిరి. ఆ విద్యకు తరగతులు లేవు, గ్రంథములే మెట్లు. పంచకావ్యములు ముగించినవాడొక మెట్టు, కౌముది చదివినవాడొక మెట్టు. ‘ఏ తరగతి?’ యని కాక ‘ఎంతవఱకు చదివితివి?’ యని అడుగుట ఆనాటి వాడుక. పరీక్ష యనగా కాగితముమీది ప్రశ్నలు కావు, సభయే పరీక్ష. పూర్వపక్షము, సిద్ధాంతము, వాక్యార్థము అను మాటలు శాస్త్రములోని మాటలేయైనను, నిండుసభలో వాని వ్యవహారమును కన్నులార చూచిన శిష్యునికి వేఱుగ అర్థము చెప్పవలసిన పని లేకుండెను.

అయితే ఈ సౌలభ్యము ఎవరిదను ప్రశ్నను దాటవేయరాదు. ఆ మాటలు చెవినబడు ఇండ్లు కొన్నియే. స్త్రీలకును, సేద్యము, చేతిపనులు చేసికొను కులములలోని అత్యధికులకును ఆ సభామంటపము వెలుపలనే చోటు. పరిభాష తేటగా నుండుట మాటల గుణము మాత్రమే కాదు. వినువాడు ఎచట నిలిచియున్నాడను దానిని బట్టియు నుండును. ఈ సంగతి తరువాతి యుగములలోను మనకు పనికివచ్చును.

సంస్థానపు సభకును గ్రామమునకును నడుమ వీథిబడి యుండెను. అందలి మాటలు కొద్ది: పంతులు, పలక, గుణింతము, ఎక్కము, ఓనమాలు. వీనిలో కడపటిది విశేషముగ గమనింపదగినది. అక్షరాభ్యాసమున దిద్దించు ‘ఓం నమః’ అను నమస్కారవాక్యము పిల్లల నోట నలిగి ఓనమాలను నామవాచకమైనది. నేడు ఏ విద్యకైనను తొలిమెట్టును ఓనమాలనుచున్నాము. అర్థము తెలియని సంస్కృతవాక్యము ఇట్లు అచ్చముగ తెలుగుమాట యగుటకు కారణ మేమి? ప్రతి బాలుడును దానిని చేతితో దిద్దెను. పనితో ముడివడిన మాట నిలుచును. ఇది మా మొదటి నిర్ణయము.

రెండవ యుగము ఉర్దూది. 1884 ప్రాంతమున హైదరాబాదు రాజ్యమున పారసీకమునకు మాఱుగా ఉర్దూ అధికారభాష యయ్యెను. 1918లో ఉర్దూ మాధ్యమముతో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. దానికి కావలసిన గ్రంథములను, పరిభాషను సమకూర్చుటకై 1917లోనే దారుల్‌తర్జుమా యను అనువాదసంస్థ ఏర్పడెను. ఆధునిక శాస్త్రములన్నిటిని ఒక భారతీయభాషలో బోధింపవచ్చునని నిరూపించిన ఆ కృషి సామాన్యమైనది కాదు. విశ్వవిద్యాలయము జామియా, కళాశాల కుల్లియా, పాఠ్యక్రమము నిసాబు, పరీక్ష ఇమ్తెహాను అయ్యెను. ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత పాఠశాలలకు వరుసగా తహతానియా, వస్తానియా, ఫౌఖానియా అని పేర్లు. అరబ్బీలో తహత్ అనగా క్రింద, వసత్ అనగా నడుమ, ఫౌఖ్ అనగా పైన. కనుక ఈ మూడు పేర్లును ఒక నిచ్చెనయొక్క మూడు మెట్లు. అరబ్బీ నెఱిగినవానికి ఇంతకంటె విశదమైన పరిభాష లేదు.

కాని నాగరుకర్నూలు తాలూకాలోని ఒక రైతుబిడ్డకు అవి మూడు ధ్వనులు మాత్రమే. నిచ్చెన యున్నదనియే వానికి తెలియదు. మఱి ఆ మాటలలో నేడు మన నోట మిగిలినవి ఏవి? తహతానియా పోయినది, నిసాబు పోయినది, కుల్లియా పోయినది. హాజరు నిలిచినది, దాఖలు, తనిఖీ, జవాబు నిలిచినవి. ప్రశ్నపత్రమున ‘ఖాళీలను పూరింపుడు’ అని వ్రాయునపుడు ఖాళీ అరబ్బీ మాటయని మనకు తోచను కూడ తోచదు. ఇందు మొదటి నిర్ణయమే బలపడుచున్నది. ప్రతిదినమును పేరు పిలిచినపుడు పలికిన హాజరు నిలిచెను; కాగితముపై మాత్రమే యున్న తహతానియా కాగితముతోనే పోయెను. ఈ మాటలు బడిలోనే గాక కచ్చేరీలోను వినవచ్చుచుండుట వానికి మఱింత బలము నిచ్చెను.

ఉర్దూ ప్రాబల్యమును తెలుగువారు మౌనముగ సహింపలేదు. గద్వాల సంస్థానపు గడ్డపై 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిరి. తెలంగాణమున కవులు లేరన్న ఆక్షేపమునకు సమాధానముగ 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. మాతృభాషలో చదువు అను కోరిక ఆనాడు భాషాభిమానము మాత్రమే కాదు. గడప దాటనీయుమను అభ్యర్థన.

1948 పిదప ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చెను. 1968లో తెలుగు అకాడమీ స్థాపితమైన తరువాత కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములును, వానితో నూతన పరిభాషయు వచ్చినవి. ఇది సంస్కృతము నాశ్రయించినది. స్నాతక, స్నాతకోత్తర, ప్రాచార్యుడు, పాఠ్యప్రణాళిక మొదలగునవి ఆ విధమైనవి. వీనిలో స్నాతక శబ్దమును పరిశీలింతము. గురుకులమున విద్య ముగించి స్నానము చేసినవాడు స్నాతకుడు; కావున పట్టముల ప్రదానము స్నాతకోత్సవము. అర్థము గంభీరమే. కాని మన ఇండ్లలో స్నాతక మనగా పెండ్లితంతులలో నొకటి. పట్టా యను మాట సంగతియు నిట్టిదే. పాలమూరు రైతుకు పట్టా యనగా భూమిహక్కు పత్రము, కుమారునికి బి.ఏ. పట్టా వచ్చినదన్నచో ఆయన దానిని చేనితోనే పోల్చుకొనును. స్నాతకముకంటె పట్టాయే ప్రజలలో నెగ్గినదనుటలో ఆశ్చర్యము లేదు. దాని విలువ వారికి ముందే తెలియును.

ఈ కాలముననే సంస్థానముల భవనములు విద్యాలయములైనవి. వనపర్తి రాజభవనమున 1959లో కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ వెలసెను. పాలిటెక్నిక్ అనునది గ్రీకు మూలమైన మాట. పెక్కు కళలని దాని యర్థము. 1794లో పారిసు నగరమున స్థాపితమైన విద్యాలయముతో అది ప్రసిద్ధి కెక్కినది. గద్వాలలోని కళాశాలకు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేరు. అయినను విద్యార్థుల నోట అవి కే.డి.ఆర్., ఎమ్.ఏ.ఎల్.డి. ఒకనాడు పండితులకు సంభావన లిచ్చిన రాణి పేరు నేడు నాలుగు ఆంగ్లాక్షరములలో నొదిగినది. మూడు యుగముల పరిభాషయు ఈ ఒక్క పేరులో చదువవచ్చును.

2008లో మహబూబునగరున పాలమూరు విశ్వవిద్యాలయ మేర్పడెను. 2016లో తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు దోస్తు అను అంతర్జాల పద్ధతికి మాఱినవి. ఆ విద్యాసంవత్సరముననే ఐచ్ఛికాధారమైన క్రెడిట్ల పద్ధతి అమలునకు వచ్చినది. దీనితో పరిభాషలో నాల్గవ పొర యేర్పడినది: సెమిస్టరు, క్రెడిటు, గ్రేడు, ఎలక్టివు, బ్యాక్‌లాగు. లాటిను భాషలో ఆఱు నెలలకు చెందినదని సెమిస్టరునకు మూలార్థము. క్రెడిటు మూలార్థము నమ్మకము. కాని ఇంట బ్యాంకు ఋణమును ఎఱిగిన విద్యార్థికి క్రెడిటు అప్పుగ తోచుటలో వింత లేదు.

నిజమునకు క్రెడిటు ఒక కొలమానము. వారమునకు ఒక గంట బోధన, లేక రెండు గంటల ప్రయోగశాల పని, ఒక సెమిస్టరు పొడవున జరిగినచో ఒక క్రెడిటు. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశమనగా పదునైదు వారములకు 60 గంటల బోధన. ఇది తెలియకున్నచో కలుగు నష్టమును ఒక లెక్కతో చూపుదుము. 5 క్రెడిట్ల పాఠ్యాంశమున 8 గ్రేడు పాయింట్లును, 3 క్రెడిట్ల దానిలో 6 పాయింట్లును వచ్చినవనుకొందము. సగటు 7 అని విద్యార్థి యనుకొనును. కాని క్రెడిట్లతో హెచ్చవేసి చూచిన 40, 18 కలిసి 58. దానిని 8చే భాగింపగా 7.25. ఏ పాఠ్యాంశమునకు ఎక్కువ శ్రమ చేయవలెనో ఈ లెక్కయే చెప్పును. మాట తెలియనివాడు తెలివిలేనివాడు కాడు. అయినను ఫలితపత్రమున ఇద్దరును ఒకే విధముగ కనిపింతురు. ఈ అన్యాయమే మా వ్యాసమునకు ప్రేరకము.

ఇంతవఱకు చూచినదానిని సంగ్రహింతము. ప్రతియుగమునను విద్యాపరిభాష ఇంటిభాషకు వెలుపలినుండియే వచ్చినది: సంస్కృతము, అరబ్బీ పారసీకములు, ఆంగ్లము. కావున పరభాషా పదములను వెడలగొట్టుట పరిష్కారము కాదు. స్నాతక శబ్దము క్రెడిటుకంటె ఎక్కువ తేటయైనది కాదు. మూలభాష ఏదైనను, నిత్యము పలికిన మాట, చేతితో చేసిన పనికి చెందిన మాట మనదైనది. వివరింపక విడిచిన మాట, అది యెంత అర్థవంతమైనను, గడపగానే మిగిలినది.

కావున అధ్యాపకులకు మా మనవి యొక్కటే. క్రొత్తగా చేరిన విద్యార్థులకు తొలివారమున ఒక గంటయైనను ఈ మాటలకై కేటాయింపవలెను. ఫలితపత్రము నొకదానిని నల్లబల్లపై వ్రాసి, పై లెక్కను వారిచేతనే చేయింపవలెను. పూర్వము పంతులు బాలుని చేయి పట్టుకొని ఓనమాలు దిద్దించెను. కళాశాల విద్యకును ఓనమాలు గలవు. దిద్దించు చేయి మాత్రము మనది కావలసియున్నది.