పుల్లరి బాటలో బ్యాటరీ సైకిలు

మాది ప్రత్తిపాడు, గుంటూరు జిల్లాలోది. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిర్చి. అడవి మాత్రం లేదు. చిన్నప్పుడు నాకు తెలిసిన అడవల్లా శ్రీశైలం బస్సు కిటికీలోంచి చూసిందే. అందుకేనేమో, బ్యాటరీ సైకిలు కొనగానే ముందు అడవి బాట మీద తొక్కాలనిపించింది. ఓ ఆదివారం పొద్దున్నే ఒక గుట్ట దగ్గరికి వెళ్ళాను. గేటు దగ్గర ఆపేశారు.

"మోటారుంటే బండేనండి. బాట మీదికి వదలం."

"ఇది 250 వాట్లేనండి. లైసెన్సు కూడా అక్కర్లేదు."

"అది రోడ్డు మీద సంగతి సార్. ఇది అడవి."

నా వెనకే ఒక పెద్దాయన పది పన్నెండు మేకల్ని తోలుకొస్తున్నాడు. మా నాన్న కంటే పెద్దవాడే. ఆయన్ని చూడగానే ఇందాకటి "సార్" గొంతే మారిపోయింది: "ఏరా, నీకెన్నిసార్లు చెప్పాలి?"

ఇంటికొచ్చి చట్టాలు ముందేసుకుని కూర్చున్నాను. కోపంతోనే మొదలుపెట్టాను గానీ, చదివేకొద్దీ గేటు దగ్గరి మనిషి చెప్పిందే నిజమని తేలింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు శక్తి 0.25 కిలోవాట్ లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉంటే ఆ బండి అసలు మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ నియమం చూసేది యంత్రాన్ని. అటవీ చట్టం చూసేది నేలని. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం అయినప్పుడు, కాళ్ళతో వెళ్ళావా, చక్రాల మీద వెళ్ళావా అన్నది తర్వాతి ప్రశ్న. అభయారణ్యంలో ఇంకా గట్టి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్ళగలిగే కొద్దిమందిలో పబ్లిక్ హైవే మీద దాటిపోయేవాళ్ళు ఒకరు. ఆ హైవే మీద కూడా నల్లమలలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు.

సరే, ఈ నేల చూపు ఎక్కడిది? 1882 నాటి మద్రాసు అటవీ చట్టానిది. రిజర్వు అడవిలోకి చొరబడటాన్నీ, పశువుల్ని మేపటాన్నీ ఆ చట్టం ఒకే గాటన కట్టింది. 1967లో ఆంధ్రప్రదేశ్ సొంత అటవీ చట్టం చేసుకుంది. ఆ రెండు నేరాలూ అందులోనూ పక్కపక్కనే ఉన్నాయి. మా వృత్తిలో దీన్ని లెగసీ కోడ్ అంటాం. ఎవరు ఎందుకు రాశారో మర్చిపోతాం, కానీ నడుస్తూనే ఉంటుంది.

ఎందుకు రాశారో మా జిల్లాకి బాగా తెలుసు. తరతరాలుగా పశువులు మేసిన అడవి రిజర్వు అయ్యాక, మేపటానికి పన్ను కట్టాల్సి వచ్చింది. ఆ పన్నే పుల్లరి. కట్టకపోతే పశువులు బందెలదొడ్డికి పోయేవి. 1921లో, కరువు మీద కరువులా, పల్నాడు రైతులు పుల్లరి కట్టం పొమ్మన్నారు. అటవీ ఉద్యోగుల్ని సాంఘికంగా వెలివేశారు. ఆ కష్టాలు విచారించడానికి వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకి పోయారు. ‘మాలపల్లి’ నవల ఆయన రాసింది ఆ శిక్ష అనుభవిస్తూ రాయవెల్లూరు జైల్లోనే. మనం నవలని గుర్తుపెట్టుకున్నాం, దాని వెనకున్న పశువుల మేత తగాదాని వదిలేశాం.

అదే సమయంలో మా పక్కనే పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమిశిస్తు నిరాకరణ సాగింది. మైదానంలో శిస్తు, అడవి అంచున పుల్లరి. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరి 12న కాంగ్రెసు శాసనోల్లంఘనని నిలిపేసింది. అదే నెలలో, ఆ తర్వాతే, మించాలపాడులో పుల్లరి ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

ఈ చరిత్ర చదివి "చూశారా, అటవీ నియమాలన్నీ దొరల దౌర్జన్యమే, నా సైకిలుని వదలండి" అనడం చాలా తేలిక. నాకూ ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అది దొంగ వాదన. హనుమంతు అడిగింది బతుకుతెరువు, నేను అడుగుతున్నది ఆదివారం సరదా. పైగా నా సైకిలుకి చప్పుడు లేదు. మలుపులో ఉన్న జంతువుకి నేను వస్తున్నట్టే తెలియదు. ఎత్తు ఎక్కలేక మామూలు సైకిలు వెనక్కి తిరిగే చోట కూడా మోటారు నన్ను ఇంకా లోపలికి తీసుకుపోతుంది. ఇవి నిజమైన అభ్యంతరాలే.

మరి ఎలా? అమెరికాలో ఈ-బైకుల్ని మూడు తరగతులు చేశారు: పెడల్ తొక్కితేనే సాయపడేవి, థ్రాటిల్ ఉన్నవి, ఇంకా వేగంగా పోయేవి. 2019లో అక్కడి అంతర్గత వ్యవహారాల శాఖ తన భూముల్లో వీటిని సైకిళ్ళలాగే చూడమని ఆదేశమిచ్చింది. అటవీ సర్వీసు మాత్రం 2022లో కూడా వీటిని మోటారు వాహనాల లెక్కలోనే ఉంచి, ఏ బాట మీద ఏ తరగతిని రానివ్వాలో జనం అభిప్రాయం తీసుకుని స్థానికంగా తేల్చమంది. నాకు రెండోదే నచ్చింది. జవాబు "కాదు" అయినా, అడిగి చెప్పిన "కాదు" కదా. ఆ మాటకొస్తే, దేశంలో చాలాచోట్ల అమల్లో ఉన్న 1927 భారత అటవీ చట్టం కూడా, రిజర్వు అడవిలో ఒక దారి మూయాలంటే దాని బదులు అనువైన ఇంకో దారి ఉండాలంటుంది. తెల్లవాడి చట్టానికే ఆ మాత్రం మర్యాద ఉంది.

మనకీ అలాంటి నియమం రాయాలి, రాసి గేటు మీద తెలుగులో అతికించాలి. కానీ రాసేటప్పుడు వరస తప్పకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం అర్హులైన అటవీవాసులకి మేత హక్కుని ఒప్పుకుంది. ముందు ఆ హక్కులు తేలాలి, తర్వాత జంతువుల సంగతి, ఆ తర్వాతే నా సైకిలు.

ఆ రోజు నేను సైకిలు వెనక్కి తిప్పి, హైవే మీద టిఫిన్ తిని ఇంటికొచ్చాను. ఆ పెద్దాయన మేకల్ని ఎటు తోలుకెళ్ళాడో చూడాలని కూడా నాకు తోచలేదు.