విప్పగలిగిన యంత్రం: కంప్యూటర్ మరమ్మతు చరిత్ర

పాడైన లాప్‌టాప్‌ను బాగు చేయించాలా, పక్కన పెట్టి కొత్తది కొనాలా అన్న ప్రశ్న పైకి సొంతదారు వేసుకునే చిన్న లెక్కలా కనిపిస్తుంది. మరమ్మతుకు ఎంత అవుతుంది, కొత్తదాని ధర ఎంత, పాతది ఇంకెన్నాళ్లు నడుస్తుంది అన్న మూడూ తెలిస్తే విషయం తేలిపోతుందని అనిపిస్తుంది. అయితే ఆ లెక్క అంతకు చాలా ముందే వేరేచోట జరిగిపోయి ఉంటుంది. యంత్రాన్ని విప్పడానికి వీలుగా తయారు చేశారా, విడిభాగం బజారులో దొరుకుతుందా, లోపలి అమరికను వివరించే పటం బయటి పనివాడికి అందుతుందా అన్న మూడు సంగతులే మరమ్మతు ఖర్చును నిర్ణయిస్తాయి. ఈ మూడింటి మీద అదుపు ఏ కాలంలో ఎవరి చేతిలో ఉన్నదన్న కథే కంప్యూటర్ మరమ్మతు చరిత్ర. అందులో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలకు చెప్పుకోదగ్గ చోటు ఉంది.

ఇంటి సామాను విషయంలో పూర్వం ఈ నిర్ణయం ఎలా జరిగేదో చూస్తే ఆ మూడు సంగతుల బలం తెలుస్తుంది. రాగి, ఇత్తడి పాత్రల్లో చింతపండు పులుసు కాచితే పులుపు లోహంతో కలిసి చిలుము పుట్టి వంట చెడుతుంది కనుక, వాటి లోపలి వైపు తగరం పూత పూయించడం ఆనవాయితీగా ఉండేది. ఈ పూతనే కళాయి అంటారు. వీధిలోకి వచ్చిన కళాయి పనివాడు నేలలో చిన్న గుంట తవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, పాత్రను బాగా కాచి, నవాసాగరం అనే లవణం చల్లి లోహం మీది మురికిని విడగొట్టి, తగరం ముక్కను తాకించి, కరిగిన పూతను గుడ్డతో పాత్రంతా పరిచేవాడు. చిల్లు పడిన బిందెకు మాటు వేసేవారు, అంటే చిల్లు మీద లోహపు ముక్కను అతికించేవారు. మాటుకు కూడా లొంగనంతగా అరిగిన పాత్రను తూకానికి ఇచ్చి, మజూరీ కలిపి కొత్తది తెచ్చుకునేవారు. మరమ్మతూ మార్పిడీ అక్కడ ఒకే దారిలో ముందూ వెనుకా వచ్చే మజిలీలు. లోహం విలువ ఎక్కడికీ పోయేది కాదు, పని ఇంటి ముందే అందరూ చూస్తుండగా జరిగేది. వాల్వు రేడియోల కాలంలోనూ ఈ పద్ధతి చాలావరకు సాగింది. కాలిపోయిన వాల్వును ఊడబెరికి కొత్తది గుచ్చేవారు, సర్క్యూట్ పటాన్ని పెట్టె లోపలే అతికించి పంపిన తయారీదారులూ ఉండేవారు.

కంప్యూటర్ మాత్రం ఈ ఆనవాయితీకి వెలుపల పుట్టింది. 20వ శతాబ్దం మధ్యలో ఆ రంగాన్ని ఏలిన ఐబీఎం సంస్థ తన లెక్కల యంత్రాలను అమ్మకుండా అద్దెకు మాత్రమే ఇచ్చేది. అద్దెలోనే నిర్వహణ కలిసి ఉండేది కాబట్టి వాడకందారుకు మరమ్మతు బెడద లేదు, అలాగే మరమ్మతు మీద మాట చెల్లించుకునే హక్కూ లేదు. అమెరికా ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ఆ సంస్థ మీద వేసిన దావా 1956 జనవరిలో ఒక ఒప్పంద తీర్పుతో ముగిసింది. దాని ప్రకారం ఐబీఎం తన యంత్రాలను అద్దెకు ఇవ్వడంతో పాటు అమ్మకానికి కూడా పెట్టాలి, సొంతదారులకూ స్వతంత్ర మరమ్మతుదారులకూ విడిభాగాలను సరసమైన ధరకు అందించాలి. నేడు మరమ్మతు హక్కు అనే పేరుతో జరుగుతున్న వాదం మొబైల్ ఫోన్లతో మొదలైందని చాలామంది అనుకుంటారు గాని, కంప్యూటర్ల విషయంలో దాని మూలాలు ఈ తీర్పు దాకా వెళ్తాయి.

భారతదేశంలో ఈ చరిత్ర మరో మలుపు తిరిగింది. ఐబీఎం 1960లలో, విదేశాల్లో ఒకసారి వాడకం పూర్తయిన 1401 రకం యంత్రాలను ఇక్కడికి తెప్పించి, బొంబాయిలో తిరిగి సిద్ధపరచి, భారతీయ సంస్థలకు అద్దెకు ఇచ్చింది. పాతబడిన యంత్రాలను అంటగడుతున్నారన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది. అయినా బాగు చేసిన యంత్రం ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేయగలదని రుజువు చేసినవి కూడా ఆ యంత్రాలే. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ కంపెనీల వాటాను తగ్గించుకోవాలని కోరగా, అందుకు ఒప్పుకోని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. దేశమంతటా నడుస్తున్న దాని యంత్రాలను పారేసి కొత్తవి కొనేందుకు డబ్బూ విదేశీ మారకమూ లేవు. బాగు చేసుకుంటూ నడపడం ఒక్కటే దారి.

ఆ బాధ్యతను తలకెత్తుకున్నది కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ. 1975లో ఏర్పడిన ఈ సంస్థ పేరులోనే నిర్వహణ ఉంది; ఒక ప్రభుత్వం కంప్యూటర్ల తయారీకే గాక వాటి మరమ్మతుకు కూడా ప్రత్యేకంగా ఒక కంపెనీని నెలకొల్పడం ఆ కాలపు అవసరం ఎంత తీవ్రమైనదో చెబుతుంది. తయారీదారు అండ లేకుండా, వేర్వేరు దేశాల యంత్రాలను ఒకే ఇంజినీరు చూడవలసి రావడంతో అక్కడ పనిచేసినవారు యంత్రాన్ని మూలం నుంచి అర్థం చేసుకోక తప్పలేదు. ఆ అనుభవమే తరువాత పెద్ద వ్యవస్థల రూపకల్పనకు పునాది అయింది. 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైన రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్ విధానాన్ని రూపొందించింది ఈ సంస్థే. దాని పరిశోధన విభాగం సికింద్రాబాదులో పనిచేసింది, నమోదిత కార్యాలయం చివరి కాలంలో హైదరాబాదు గచ్చిబౌలిలో ఉండేది. 1984లో పేరు సీఎంసీ లిమిటెడ్‌గా మారి, నిర్వహణ అన్న మాట ఒక పొడి అక్షరంగా మిగిలింది. 2015లో సంస్థ టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో విలీనమైంది. 1967లో హైదరాబాదులోనే స్థాపించిన ఈసీఐఎల్ స్వదేశీ కంప్యూటర్లను తయారు చేసిన సంగతిని కూడా దీనికి జతచేస్తే, యంత్రం లోపలిని ఎరిగిన విద్య ఈ నగరంలో సాఫ్ట్‌వేర్ కంటే ముందే వేళ్లూనుకుందని చెప్పవచ్చు.

1981లో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌తో మరమ్మతు బజారుకు దిగివచ్చింది. ఆ యంత్రానికి సంబంధించిన సర్క్యూట్ పటాలతో కూడిన సాంకేతిక గ్రంథాన్ని కంపెనీయే అమ్మింది. కొన్ని స్క్రూలు తీస్తే పెట్టె తెరుచుకునేది, లోపలి కార్డులు గాళ్లలో గుచ్చి ఉండేవి. భారతదేశంలో 1984 నాటి కంప్యూటర్ విధానం దిగుమతులను కొంత సడలించాక, విడిభాగాలు తెచ్చి ఇక్కడే కూర్చిన అసెంబుల్డ్ కంప్యూటర్లు వ్యాపించాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ, ఈ వ్యాపారానికి నెలవైంది. మెమరీ, హార్డ్ డిస్క్, పవర్ సప్లై వంటి భాగాల్లో చెడినదాన్ని గుర్తించి దాని స్థానంలో మరొకటి వేయడాన్ని కార్డ్ లెవెల్ సర్వీసింగ్ అని, కార్డు మీది చిన్న పరికరాన్ని వెతికి దాన్ని మాత్రమే మార్చడాన్ని చిప్ లెవెల్ సర్వీసింగ్ అని పనివారు వేరుగా పిలుచుకున్నారు. మొదటిదానికి విడిభాగం ఉంటే చాలు, రెండోదానికి విద్య కావాలి.

మోసుకుపోగల కంప్యూటర్ కూడా మొదట విప్పదగినదిగానే ఉండేది. 1981లో ఆడమ్ ఆస్బర్న్ తెచ్చిన ఆస్బర్న్ 1 దాదాపు 11 కిలోల బరువుండేది. తిరువణ్ణామలై రమణాశ్రమ పరిసరాల్లో బాల్యం గడిపిన ఈ రచయిత, వ్యాపారి దృష్టి తేలికైన యంత్రం కంటే చవకైన యంత్రం మీద ఉండేది. పుస్తకంలా మడిచే రూపం 1982 నాటి గ్రిడ్ కంపాస్‌తో వచ్చింది. 1992లో మొదలైన ఐబీఎం థింక్‌ప్యాడ్‌లకు, ఏ స్క్రూ తరువాత ఏది తీయాలో బొమ్మలతో చూపే నిర్వహణ గ్రంథాలు అందరికీ అందుబాటులో ఉండేవి. ఆ తరువాత పలుచదనం మీది మోజు ఈ దిశను మార్చింది. 2008లో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి బయటికి తీసి చూపిన మాక్‌బుక్ ఎయిర్‌లో మెమరీని బోర్డు మీదే టంకం వేసి బిగించారు, బ్యాటరీని సొంతదారు మార్చుకునే వీలు లేకుండా చేశారు. 2012 నాటి మాక్‌బుక్ ప్రో రెటినా నమూనాలో బ్యాటరీని జిగురుతో అతికించారు. విప్పే స్క్రూ స్థానంలోకి జిగురు వచ్చింది, గుచ్చే గాడి స్థానంలోకి టంకం వచ్చింది.

టంకం అంటే తక్కువ వేడికే కరిగి రెండు లోహాలను కలిపే మిశ్రమం. కళాయి పూతలోని తగరమే ఇందులోనూ ప్రధాన లోహం కావడం ఈ రెండు వృత్తులను కలిపే దారం. పాతకాలపు తగరం-సీసం టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగేది. సీసం విషలోహం కాబట్టి ఎలక్ట్రానిక్ సామానులో దాని వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2006 జూలై నుంచి పరిమితం చేయగా, సుమారు 217 డిగ్రీల వద్ద కరిగే సీసరహిత టంకం ప్రపంచమంతటా స్థిరపడింది. మరమ్మతు బల్ల మీద ఆ తేడా చిన్నది కాదు: కరిగించడానికి మరింత వేడి కావాలి, వేడి ఎక్కువైతే బోర్డు పొరలు ఉబ్బుతాయి. ఈ కాలంలోనే రీబాలింగ్ అనే పని వృత్తిలోకి వచ్చింది. చిప్ అడుగున వరుసలుగా ఉండే టంకపు గుళ్లు, అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండేవి, బోర్డుతో సంబంధం కోల్పోయినప్పుడు చిప్‌ను వేడితో పైకెత్తి, పాత గుళ్లను తుడిచి, సన్నని జల్లెడ రేకు సాయంతో కొత్త గుళ్లు పేర్చి తిరిగి అతికించడమే ఈ పని. అయితే 2008లో ఎన్విడియా సంస్థ తన కొన్ని లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌ల ప్యాకేజీలో వాడిన పదార్థం బలహీనమైనదని ఒప్పుకోవడంతో, లోపం చిప్ లోపలే ఉన్నచోట వేడి కొన్నాళ్ల ఊపిరి మాత్రమే పోస్తుందని పనివారికి తెలిసివచ్చింది. బాగు చేయడం చేతనైనవాడికి ఎక్కడ చేయకూడదో కూడా తెలియాలన్న వివేకం ఆ అనుభవం నుంచి వచ్చింది.

నీళ్లో టీయో ఒలికి ఆగిపోయిన మదర్‌బోర్డును చిప్ లెవెల్ పనివాడు పరీక్షించే తీరులో ఈ విద్య స్పష్టంగా కనిపిస్తుంది. అతడు ముందు బ్యాటరీ తీసి, బోర్డును ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో కడిగి, మల్టీమీటర్‌తో విద్యుత్ మార్గాలను ఒక్కొక్కటిగా తాకి చూస్తాడు. నేలకు కలిసిపోయిన మార్గం దగ్గర మీటరు కూస్తుంది. ఆ మార్గంలో పదుల సంఖ్యలో కెపాసిటర్లు, అంటే విద్యుత్తును కొద్దిగా నిలవ ఉంచే నువ్వుగింజంత పరికరాలు ఉంటాయి కాబట్టి, దోషి ఏదో తేల్చడానికి బోర్డు మీద రోజిన్ పొగ పట్టించి తక్కువ వోల్టేజీ ఎక్కిస్తాడు. తెల్లని పొరలో ఎక్కడ ముందుగా చుక్క కరిగి పారదర్శకమవుతుందో అక్కడే తప్పు ఉంది. ఆ ఒక్క గింజను తీసేస్తే బోర్డు లేచి నిలబడే సందర్భాలు చాలా ఉంటాయి. పటం చేతిలో లేని పనివాడికి ఇదే దోషం మొత్తం బోర్డు మార్పిడిగా, అంటే కొత్త యంత్రం ధరకు చేరువైన ఖర్చుగా కనిపిస్తుంది.

బయటివారి మరమ్మతును అడ్డుకునే హక్కు తయారీదారుకు ఎంతవరకు ఉందన్న తగాదా న్యాయస్థానాలకూ ఎక్కింది. 1993లో అమెరికా అప్పీలు న్యాయస్థానం ఎంఏఐ, పీక్ సంస్థల వ్యాజ్యంలో, మరమ్మతుదారు కంప్యూటర్‌ను ఆన్ చేయగానే అందులోని సాఫ్ట్‌వేర్ మెమరీలోకి చేరుతుంది కాబట్టి అది అనుమతి లేని నకలు అవుతుందని తీర్పు చెప్పింది. మరమ్మతు కోసం చేసే అటువంటి నకలు తప్పు కాదని 1998లో చట్టం చేసి సరిదిద్దవలసి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలు వాడకందారు మార్చుకోగలిగేలా ఉండాలి. భారత ప్రభుత్వం 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని నియమించి, వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, టాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలపై దృష్టి పెట్టి, డిసెంబరు 24న ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. పాత సామాను తూకానికి పోయే దారి మీద కూడా నియమాలు వచ్చాయి. ఈ-వ్యర్థాలపై 2011లో తెచ్చిన నిబంధనలను 2016లోనూ 2022లోనూ మార్చి రాసి, సేకరణ, పునర్వినియోగ బాధ్యతను తయారీదారు మీద ఉంచారు.

ఈ చరిత్ర వెలుగులో చూస్తే దెబ్బతిన్న లాప్‌టాప్ విషయంలో నేటి నిర్ణయం కొంత తేటపడుతుంది. తెర, కీబోర్డు, హింజ్, చార్జింగ్ పిన్, బ్యాటరీ విడిగా దొరికినంత కాలం మరమ్మతే మేలు. ఖర్చు అదే శక్తిగల యంత్రం ధరలో సగం దాటితే మార్పిడి వైపు మొగ్గడం వాడుకలో ఉన్న కొలత. అయితే లాప్‌టాప్ వల్ల భూమి మీద పడే కర్బన భారంలో అధికభాగం అది తయారయ్యేటప్పుడే పడిపోతుంది కాబట్టి, ఆ సగం లెక్కలో యంత్రం ధర ఒక్కటే వేసుకోవడం న్యాయం కాదు. పాతదాన్ని మరో మూడేళ్లు నడిపినవారు సొంత డబ్బుతో పాటు గనిలోని లోహాన్నీ మిగిల్చినట్టే.

అసలు ఈ ప్రశ్న యంత్రం పాడైన రోజున కాక కొన్న రోజునే పుడుతుంది. కుండ కొనేవారు దాన్ని వేలితో మోగించి, బీట లేదని శబ్దం చెప్పాకే డబ్బు లెక్కపెట్టేవారు. లాప్‌టాప్ కొనేవారు దాన్ని తిరగేసి అడుగు పలక చూడాలి: స్క్రూలు ఉన్నాయా, మెమరీ గాడిలో ఉందా, బ్యాటరీ విడిగా అమ్ముతారా అని అడగాలి. 1978లో కొత్తవి కొనే దారి లేక ఒక దేశం యంత్రాలను విప్పడం నేర్చుకుంది. కొత్తవి అంగడి నిండా ఉన్న ఈ రోజుల్లో ఆ విద్య నిలవాలంటే విప్పగలిగిన యంత్రాన్ని అడిగి కొనేవారు ఉండాలి.