మాయమైన ఒక గడి

1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే విద్యార్థి ఇంటర్నెట్ రిలే చాట్‌ను సృష్టించాడు. క్లుప్తంగా దాన్ని ఐఆర్‌సీ అంటారు. దాన్ని వాడదలచినవారు తమ కంప్యూటర్‌లోని ప్రోగ్రాంకు ముందుగా మూడు వివరాలు చెప్పాలి: చేరదలచిన సర్వర్ చిరునామా, సాధారణంగా 6667గా ఉండే పోర్టు సంఖ్య, తాము పెట్టుకునే మారుపేరు. ఆపైన ఒక చిన్న ఆదేశంతో కోరిన చానెల్‌లోకి ప్రవేశించవచ్చు. ఆ మూడింటిలో మొదటి గడికి రాజకీయ ప్రాధాన్యం ఉంది. తన మాట ఎవరి యంత్రం గుండా సాగాలో ఎంచుకునే అధికారం అక్కడ వాడుకరి చేతిలో ఉండేది.

ఆ అధికారం విలువ త్వరలోనే తెలిసివచ్చింది. 1991 ఆగస్టులో గోర్బచెవ్‌ను గద్దె దించే కుట్ర జరిగి సోవియట్ ప్రసార సాధనాల నోరు నొక్కినప్పుడు, మాస్కో పరిణామాలు ఐఆర్‌సీ ద్వారా దేశదేశాలకు చేరాయి. తాళం వేయడానికి ఆ వ్యవస్థకు కేంద్ర కార్యాలయమంటూ లేదు.

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను పౌరులకు అందుబాటులోకి తెచ్చింది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించాక నెట్ సెంటర్లు వెలిశాయి. అమెరికాలోని పిల్లలతో ముచ్చటించడానికి తెలుగు తల్లిదండ్రులు ఆ కంప్యూటర్ల ముందు కూర్చునే నాటికి సర్వర్ గడి తెరమరుగైంది. 1996లో ఐసీక్యూ, 1998లో యాహూ, 1999లో ఎమ్మెస్సెన్ వచ్చాయి. ఖాతా, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. వాడకం తేలికైంది, అయితే ఒక సంస్థ ఖాతాదారు మరో సంస్థ ఖాతాదారుతో మాట్లాడడం ఏళ్ల తరబడి సాధ్యపడలేదు.

ఈ గోడలకు ప్రత్యామ్నాయంగా 1999లో జెరెమీ మిల్లర్ జాబర్‌ను ప్రకటించాడు. అదే 2004లో ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ ప్రమాణంగా స్థిరపడింది. 2005లో గూగుల్ తన టాక్ సేవను దానిపైనే నిర్మించింది. పిడ్జిన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పేరు, 5222 పోర్టు నింపినవారు గూగుల్‌లో ఖాతా లేని మిత్రులతోనూ మాట్లాడగలిగారు. 2013లో హ్యాంగౌట్స్‌ను తెచ్చిన గూగుల్ ఆ తలుపు మూసివేసింది. మరుసటి ఏడాది ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్ కొనుగోలు ఒప్పందం ప్రకటించింది.

కేంద్రీకరణ వల్ల ఒక మేలూ జరిగింది. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ ఒక్క నిర్ణయంతో వంద కోట్ల మంది సంభాషణలకు పూర్తిస్థాయి ఎన్‌క్రిప్షన్ రక్షణ కల్పించింది. పాత ఐఆర్‌సీకి అది లేదు. కానీ ఒక్క నిర్ణయంతో ఇచ్చిన రక్షణను ఒక్క ఉత్తర్వుతో అడగవచ్చు. 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నిబంధనలు, 50 లక్షలకు మించి వాడుకరులున్న సందేశ సేవలు కోరినప్పుడు సందేశపు తొలి కర్తను చూపాలన్నాయి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. అలా కోట్లాది పౌరుల గోప్యత ఒక ప్రభుత్వానికీ ఒక విదేశీ సంస్థకూ మధ్య వ్యాజ్యమైంది. 2023 మేలో కేంద్రం జమ్మూకశ్మీర్ భద్రత పేరిట నిషేధించిన 14 యాప్‌లలో, సర్వర్‌ను ఎంచుకోనిచ్చే ఎలిమెంట్ కూడా ఉంది. దాని పునాది అయిన మేట్రిక్స్ ప్రమాణంపైనే ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం చాప్ అనే సేవను నడుపుతోంది.

వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ పూర్తయిన ఆ 2016 ఏప్రిల్‌లోనే భారత్ యూపీఐని ఆరంభించింది. ఏ బ్యాంకు ఖాతాదారైనా, ఏ యాప్ వాడినా, మరే బ్యాంకుకైనా డబ్బు పంపవచ్చు. అంతకు ముందే, 2011లో, నంబరు మార్చకుండా టెలిఫోన్ సంస్థను మార్చుకునే హక్కు దేశమంతటా అమలైంది. యూరప్ తన డిజిటల్ మార్కెట్ల చట్టంతో సందేశ సేవలకూ ఇదే సూత్రాన్ని వర్తింపజేసింది. రూపాయికి దక్కిన ఈ స్వేచ్ఛ భారత పౌరుడి మాటకు ఇంకా దక్కలేదు. సందేశం ఎవరు పంపారని అడిగే చట్టాన్ని రాసినవారు, అది ఏ దారిన వెళ్లాలో ఎంచుకునే హక్కు ఎవరిదన్న ప్రశ్నకూ జవాబు రాయవలసి ఉంది.