సూది పెట్టొద్దన్న అత్తమ్మ

పోయిన నెల మా ఇంట్లో ఒక అమ్మకం ఆగిపోయింది. అమ్మాలనుకున్నది మామయ్య అంబాసిడర్ కారు. ఆపింది మా అత్తమ్మ. ఆ కథ చెప్పాలంటే కాస్త చరిత్ర కూడా చెప్పాలి. ఓపిక పట్టండి.

మాది టేకులపల్లి. ఇల్లెందుకీ కొత్తగూడేనికీ మధ్య, అడవి అంచున ఉంటుంది. ఇల్లెందులో 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైనా, చుట్టుపక్కల గూడేలకూ తండాలకూ బండి సౌకర్యం చాలాకాలం అంతంతమాత్రమే. మామయ్య 1984లో సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొని అద్దెకు తిప్పారు. పెళ్లిళ్లకు, భద్రాచలం రాములోరి కల్యాణానికి, అర్ధరాత్రి నొప్పులొచ్చిన వాళ్లను కొత్తగూడెం చేర్చడానికి అదే కారు. ఆయన పోయి మూడేళ్లు. అప్పట్నుంచీ అది రేకుల షెడ్డులోనే ఉంది.

మావారు పాత ఇనుము వాళ్లతో బేరం కుదుర్చుకున్నారు. అమ్మేముందు చివరిసారి స్టార్ట్ చేసి చూద్దామని ట్రాక్టర్ బ్యాటరీ తగిలించారు. ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. మెకానిక్ అబ్బాయి చూసి, "కార్బ్యురేటర్ పట్టేసిందక్కా. ఇది విప్పడం తెలిసినోళ్లు ఇప్పుడెవరున్నారు?" అన్నాడు. అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తమ్మ, "నాకు తెలుసు" అంది. అందరం నవ్వేశాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

కార్బ్యురేటర్ అంటే భయపడకండి. మన గ్యాస్ స్టవ్ చేసే పనే అదీ చేస్తుంది. స్టవ్‌లో గ్యాస్ గాలితో సరిగ్గా కలిస్తే మంట నీలంగా వస్తుంది. గాలి తగ్గితే పచ్చగా మారి గిన్నెలకు మసి పడుతుంది. కారులో పెట్రోల్‌ని గాలితో కలిపేది కార్బ్యురేటర్. తూకంలో ఒక వంతు పెట్రోల్‌కి దాదాపు పదిహేను వంతుల గాలి కావాలి. పెట్రోల్ ఎక్కువైతే నల్లటి పొగ, తక్కువైతే బండి దగ్గి ఆగిపోవడం.

మెకానిక్ ఆ కార్బ్యురేటర్ ఊడదీసి ఇచ్చి వెళ్లిపోయాడు. పొయ్యికీ దీపానికీ దూరంగా, పెరట్లో వేపచెట్టు కింద పళ్లెం పెట్టుకుని కూర్చున్నాం. అత్తమ్మకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. అందుకని ఆమె చెప్పడం, నేను చెయ్యడం. "ముందు ఆ డోముకు గుర్తు పెట్టు. ఎట్ల ఉన్నది అట్లనే కూర్చోవాలె. మీ మామయ్య నా తిలకం సీసా తెమ్మనేటోడు" అంది. నేను మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను.

డోము లోపల ఒక పిస్టన్, దాని కింద సన్నటి సూది. ఆ సూది కిందున్న జెట్‌లో పైకీ కిందికీ ఆడుతూ పెట్రోల్‌ని కొలిచి వదులుతుంది. పక్కనున్న గిన్నెలో ఫ్లోటు ఉంటుంది. మన ఇంటి మీది ట్యాంకులో బంతి నీళ్లను ఆపినట్టే ఇది పెట్రోల్‌ని ఆపుతుంది. మూడేళ్లుగా నిలవున్న పెట్రోల్ ఆ గిన్నె అడుగున ముదురు బెల్లంపాకంలా గట్టిపడి ఉంది. కొత్త పెట్రోల్‌లో నానబెట్టి పాత నూలుచీర ముక్కతో తుడిచాను. జెట్‌లో మట్టి కనబడితే గాజులకున్న పిన్నీసు తీశాను. అత్తమ్మ నా చేతి మీద ఒక్కటేసింది.

"సూది పెట్టొద్దు బిడ్డా! అది మెత్తటి ఇత్తడి. గీత పడితే ఇగ లెక్క తప్పుద్ది. గాలి కొట్టు." సైకిల్ పంపుతో కొట్టాను. మట్టి ఎగిరిపోయింది.

కారు చరిత్రలో పిన్నుకు పెద్ద పేరే ఉంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసిందట. గొట్టానికి పిన్ను పనికొచ్చింది. జెట్‌కి మాత్రం పనికిరాదు.

మా కారులో ఉన్నది ఎస్.యు. కార్బ్యురేటర్. ఎస్.యు. అంటే స్కిన్నర్ యూనియన్. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన హెర్బర్ట్ స్కిన్నర్ 1905లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశాడు. మొదట్లో పిస్టన్ స్థానంలో తోలు తిత్తి ఉండేది. ఆ తిత్తుల్ని వాళ్లమ్మే కుట్టేదని హెర్బర్ట్ కొడుకు గుర్తుచేసుకున్నాడు. 1926లో ఆ కంపెనీని మోరిస్ కొన్నాడు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మోడలే 1957లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ అయింది. అలా మా షెడ్డు దాకా వచ్చింది. పేటెంటు మీద హెర్బర్ట్ పేరుంది. తిత్తి కుట్టినామె పేరు దాని మీద ఎక్కడుంటుంది?

ఫ్లోటు గిన్నె మూత కింది వాషరు ఎండి పొడైపోయింది. "కుట్టుమిషను సొరుగులో చూడు" అంది అత్తమ్మ. జాకెట్ కొలతల కాగితాల కింద గ్యాస్కెట్ షీటు ముక్కలు, ఆమె కత్తిరించి దాచిన వాషర్లు నాలుగు! నాకు నోట మాట రాలేదు.

అన్నీ బిగించి, డోము పైన రెండు చుక్కల పల్చటి నూనె పోసి, ట్యాంకులో కొత్త పెట్రోల్ నింపాం. మూడోసారికి ఇంజన్ అందుకుంది, కానీ నల్లటి పొగ. "పెట్రోల్ ఎక్కువ పోతాంది. కింద ఆరు పలకల నట్టు ఉంటది, ఒక్క పలక పైకి తిప్పు." తిప్పాను. ఇంకో పలక తిప్పాక పొగ తగ్గింది, చప్పుడు కుదురుకుంది. అత్తమ్మ కళ్లు మూసుకుని వింటోంది.

"ఇదంతా ఎవరు నేర్పారత్తమ్మా?"

"నేర్పుడేంది? ముప్పై ఏళ్లు టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ గదా."

మావారు కాసేపు తల వంచుకుని నిలబడ్డారు. తర్వాత ఫోన్ తీసి పాత ఇనుము ఆయనకు, "వద్దన్నా, అమ్మట్లేదు" అని చెప్పారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. కార్లలో కార్బ్యురేటర్లు అంతకుముందే పోయాయి. మా కారు కూడా ఎన్నాళ్లు తిరుగుతుందో చెప్పలేను. ఆ వాషర్ల కొలతలు మాత్రం అత్తమ్మ చెబుతుంటే నా వంటల నోటుబుక్కులో రాసుకున్నాను, పైన ఆమె పేరు పెట్టి.

మీ ఇంట్లో టార్చిలైటు పట్టుకున్నదెవరో ఒకసారి అడిగి చూడండి.